ముల్తాన్ పోయిన వలీ

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో దర్జీ వలీని ఎరగని మనిషి లేడు. ఎరగనిది ఒక్క సర్కారే. సర్కారు కాగితాల ప్రకారం వలీ పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. అదీ ఉజ్జాయింపుగా కాదు, ఫలానా ముల్తాన్ పట్టణానికి అని ఊరి పేరుతో సహా రాసి ఉంది. ఆ సంగతి ఇంగ్లీషులో టైపు చేసి అతని ఇంటి తలుపుకు అంటించి, లక్క ముద్ర వేసిన తాళం తగిలించి అయిదేళ్ళయింది. ఆ తలుపు ముందరి అరుగు మీద, సరిగ్గా ఆ కాగితం కిందే, వలీ రోజూ మిషను పెట్టుకుని కూర్చుని పొద్దుగూకేదాకా చొక్కాలు కుట్టేవాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నిజాం రాజ్యం మీదికి యూనియన్ సైన్యం వచ్చినప్పుడు అతని భార్య ఖమర్ బీకి టైఫాయిడ్. బజారంతా తలుపులు మూసుకుంది. వలీ ఇంటికి తాళం పెట్టి, భార్యను జట్కాలో పడుకోబెట్టి, మౌలాలిలో ఉన్న చెల్లెలు రసూల్ బీ ఇంటికి చేర్చాడు. చెల్లెలి మొగుడు రైల్వేలో ఫైర్‌మాన్, వాళ్ళకు క్వార్టరుంది. లడాయి అయిదు రోజుల్లో అయిపోయింది గానీ భయం అయిపోలేదు. ఎవరిని ఎక్కడ పట్టుకుపోయారో, ఏ జిల్లాలో ఏం జరిగిందో అని జనం గొంతు తగ్గించి చెప్పుకునే రోజులవి. వారం రోజులనుకున్నది ఏడాది దాటింది. ధైర్యం చిక్కబట్టుకుని వచ్చి చూస్తే తన తాళం మీద ఇంకో తాళం.

వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళ లెక్క చూసే దఫ్తరుకు పోయి అడిగాడు.

"ఈ ఇంటాయన పాకిస్తాన్ పోయిండు" అన్నాడు అక్కడి జవాను.

"ఆ ఇంటాయన నేనే సాబ్."

"సబూత్ ఏంది?"

"ఇంటి కాగితాలున్నయి."

"తీస్కరా పో."

"ఇంట్లనే ఉన్నయి. తాళం తీస్తే తెస్తా."

"సర్కారు తాళం ఊకెనే తీస్తరా? ముందుగాల కాగితాలు పట్కరా."

అయిదేళ్ళుగా ఆ సంభాషణ అక్కడే ఆగి ఉంది. పక్కింటి బుచ్చమ్మ, పూలు అమ్ముకునే ముసలామె, రాత్రిళ్ళు తన ఇంట్లో మిషను పెట్టుకోనిచ్చింది. తలుపు మీద కాగితంలో ఇంటి సంగతి ఉంది గాని అరుగు ఊసు లేదు కనక వలీ అరుగు మీద దుకాణం పెట్టాడు. పొద్దున రైల్లో మౌలాలి నుంచి రావడం, సాయంత్రం రైల్లో పోవడం. ఏడాదికోసారి ముద్ర చెక్కుచెదరలేదని చూసుకుపోవడానికి దఫ్తరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. చూసుకుని, ముల్తాన్ పోయిన మనిషి చేతికే కోటిచ్చి, గుండీలు కుట్టించుకుని పోయేవాడు.

ఇలా ఉండగా, యాభై నాలుగులో ఆ వీధి చివరి ఇంటి ప్రేమమణి యూనివర్సిటీలో చేరింది. చేరింది కూడా మామూలు చదువులో కాదు. పత్రికా రచన, ప్రజా సంపర్కం అని కొత్తగా పెట్టిన చదువు. తండ్రి దేవానందం కంటోన్మెంటు దవాఖానాలో కాంపౌండరు. బిడ్డ టీచరు ట్రైనింగుకు పోతుందనుకున్నాడు.

"మాట్లాడనీకి సుత చదువుంటదా బిడ్డా?" అని ఆశ్చర్యపోయాడు. "పుట్టినప్పటి సంది మాట్లాడుతనే ఉన్నవు గద."

"మాట్లాడుడు కాదు నాయనా. చెప్పేటోని మనసుల ఉన్నది వినేటోని మనసుకు అందియ్యాలె. అది శాస్త్రం."

"నేను మందు సీసా మీద కాగితం అంటిస్త. మూడు గీతలుంటే మూడుసార్లు తాగుమని. గదేనా శాస్త్రం?"

ప్రేమమణి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వులో కొంచెం జాలి కూడా ఉంది.

వాళ్ళకు పాఠం చెప్పే బ్రహ్మచారి గారు బొంబాయి పత్రికల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చినవాడు. బోర్డు మీద మూడు సున్నాలు చుట్టేవాడు. మొదటిది చెప్పేవాడు, రెండోది మాట, మూడోది వినేవాడు. వాటి మధ్య బాణాలు. సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పడమే ఈ విద్యకు ప్రాణమని గంటసేపు ఇంగ్లీషులో చెప్పేవాడు. క్లాసులో సగం మంది ఉర్దూలో చదువుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఆ ఇంగ్లీషు అందేది కాదు గాని బాణాలు మాత్రం స్కేలు పెట్టి చక్కగా గీసుకునేవాళ్ళు. ప్రేమమణికి మిషన్ స్కూలు ఇంగ్లీషు ఉంది కనక అన్నీ అర్థమయ్యేవి. అర్థమైన కొద్దీ లోకంలో ఎవరికీ మాట్లాడడం రాదన్న సంగతి ఆమెకు స్పష్టమవుతూ వచ్చింది.

దసరా సెలవులకు ముందు బ్రహ్మచారి గారు ఒక పని అప్పగించాడు. మీ చుట్టుపక్కల మనిషినొకర్ని తీసుకుని హృదయాన్ని కదిలించే వ్యాసం రాయండి అన్నాడు. ప్రేమమణికి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఒక మధ్యాహ్నం అరుగు దగ్గర పావుగంట నిలబడింది. "కష్టంగ ఉంటదా చిచ్చా?" అని అడిగింది. వలీ నోట్లో గుండుసూదులున్నాయి. తలూపాడు. అంతే, మిగతాదంతా ఆమె ఇంటికి పోయి రాసుకుంది.

మంచి వ్యాసమే. అందులో కుట్టుమిషను చప్పుడు వలసపక్షి రెక్కల సడి అయింది. లక్క ముద్ర చరిత్ర నుదుటి గాయమైంది. "అతడిక్కడ లేడు. కూర్చున్నది అతని నీడ మాత్రమే. అతని ఆత్మ ఏనాడో సరిహద్దు దాటి వెళ్ళిపోయింది" అని ముగించింది. బ్రహ్మచారి గారు నూటికి డెబ్బై ఎనిమిది వేసి, తనకు తెలిసిన తెలుగు వారపత్రికకు పంపించాడు. వాళ్ళు పెట్టె కట్టి అచ్చువేశారు.

ప్రేమమణి ఆ పత్రిక పట్టుకుని నేరుగా అరుగు దగ్గరికే పోయి గట్టిగా చదివి వినిపించింది. వలీ కత్తెర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"చాన మంచిగున్నది బిడ్డా" అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి, "ఎవల గురించి ఇది?" అన్నాడు.

అదొక మెచ్చుకోలని ఆమె అనుకుంది.

నెల తిరగకుండా తలుపు మీద కొత్త కాగితం పడింది. ఇల్లు వేలం వేస్తారట. ఆక్షేపణలు ఎవరికైనా ఉంటే డిసెంబరు పదో తేదీన దఫ్తరులో హాజరు కావాలట. వలీ దాన్ని దేవానందం దగ్గరికి తెచ్చాడు. దేవానందం కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాడు. ఇంటి యజమాని దేశంలో లేడనడానికి దఫ్తరు వారి వద్ద ఏడు ఆధారాలున్నాయి. ఏడోదాన్ని ఆయన రెండుసార్లు చదివాడు. వారపత్రికలో అచ్చయిన వ్యాసం. రాసినది కుమారి డి. ప్రేమమణి, యూనివర్సిటీ విద్యార్థిని, సదరు వీధి నివాసి. యజమాని సరిహద్దు దాటి వెళ్ళిపోయినట్టు ఆమె స్వయంగా ధ్రువీకరించింది.

దఫ్తరు గుమాస్తా ఎవరో అన్నం తింటూ పత్రిక తిరగేసి, వ్యాసాన్ని కత్తిరించి ఫైలులో పెట్టాడన్నమాట.

దేవానందం కాగితం మడిచి వలీ చేతికిచ్చాడు. పక్కనే ఉన్న బిడ్డ అంతా వింది. ప్రేమమణి ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు బ్రహ్మచారి గారికి చెప్పింది. ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే దఫ్తరు దాకా చేరిందన్నమాట! మన విద్యలో దీన్నే ప్రభావం అంటారు" అని తోటి అధ్యాపకుణ్ణి పిలిచి మరీ చెప్పాడు.

"సార్, ఆయన ఇల్లు పోతుంది" అంది ప్రేమమణి.

"అదే నీ తదుపరి వ్యాసం" అన్నాడాయన.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె రైలెక్కి మౌలాలి పోయింది. క్షమాపణ ఎలా చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు పేర్చుకుంది. క్వార్టరు ముందు ఖమర్ బీ బియ్యం ఏరుతూ కూర్చుంది. టైఫాయిడ్‌తో ఊడిన జుట్టు మళ్ళీ సరిగ్గా రాలేదు, కొంగు ఎప్పుడూ తల మీదే ఉంటుంది. ప్రేమమణి పేర్చుకున్న వాక్యాల్లో మొదటిదైనా పూర్తి కాకముందే ఖమర్ బీ చేట కింద పెట్టింది.

"మా ఆయన ఆత్మ ఏడికి పోయిందో నీకెవరు చెప్పిండ్రు? పొద్దుగాల ఎనిమిదింటి బండికి పోతడు, సాయంత్రం ఆరింటి బండికొస్తడు. ఆత్మ సుత గదే బండ్ల వస్తది. నన్నడిగితే నేను చెప్పకపోదునా?"

ఖమర్ బీ కాసేపు బియ్యం ఏరింది. తర్వాత లోపలికి పోయి ఒక ఇత్తడి గ్లాసులో చాయ్ తెచ్చి ముందు పెట్టింది.

"తాగు. తాగి, ఏమడుగుతవో ఇప్పుడడుగు."

అప్పుడు అడిగింది ప్రేమమణి. పావుగంట కాదు, మధ్యాహ్నందాకా. ఏ రోజు తాళం పెట్టారు, ఎవరు చూశారు, ఎప్పుడు తిరిగొచ్చారు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నీడలూ పక్షులూ ఎక్కడా రాలేదు. ఆదివారం కనక ఇంట్లోనే ఉన్న వలీ, చొక్కాకు గుండీలు కుడుతూ జవాబులు చెప్పాడు. చివర ఆమెకు చిన్న ప్రశ్న తోచింది. మరీ చిన్నది కావడంతో అడగాలా వద్దా అని సందేహించింది.

"చిచ్చా, మీరు పాకిస్తాన్ పోయిండ్రని సర్కారుకు అసలు చెప్పిందెవరు?"

వలీ ఖమర్ బీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఏమో బిడ్డా. మేమెన్నడు అడగలే. మమ్మల్ని సుత ఎవరు అడగలే."

సాయంత్రం తిరిగొచ్చి అదే ప్రశ్న బుచ్చమ్మను అడిగింది. ముసలామె చేమంతి పూలు కడుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"నేనే చెప్పిన."

"నువ్వా అవ్వా?"

"అవ్. లడాయి అయినంక ఒక మున్షీ, ఒక జవాను వచ్చిండ్రు. ఈ ఇంటాయన ఏడికి పోయిండని అడిగిండ్రు. మౌలాలి పోయిండని చెప్పిన. మున్షీ బుక్కుల ఉర్దూల రాసుకున్నడు. ఏం, తప్పు చెప్పిన్నా?"

"ముల్తాన్ అని చెప్పలే గద?"

"అదేడుంటది? నల్గొండ దిక్కా?"

డిసెంబరు పదో తేదీన వలీ ఉతికిన షేర్వాణీ వేసుకుని దఫ్తరుకు వచ్చాడు. వెంట ప్రేమమణి. దఫ్తరు అధికారి ఎక్కడో దక్షిణాది కొస నుంచి బదిలీ మీద వచ్చినవాడు. అతనికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. మాట్లాడితే ఇంగ్లీషే. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరని అడిగాడు. వలీ అని చెప్పింది ప్రేమమణి. వలీ ముల్తాన్‌లో ఉన్నాడు, ఈయనెవరని మళ్ళీ అడిగాడు. ఆ ముఖంలో వేళాకోళం లేదు. ఫైలులో ఉన్నది చదువుతున్నాడు.

"చెప్పమను, ఈయన ఏం చెప్పుకుంటాడో" అన్నాడు చివరికి.

వలీ చెప్పాడు. "నా భార్యకు బీమారొస్తే మౌలాలి పోయిన. ఏడాది ఉన్న. తిరిగొచ్చేసరికి తాళమున్నది."

ప్రేమమణి ఇంగ్లీషులో అందుకుంది. అలవాటు అంత తొందరగా పోదు. మృత్యుముఖంలో ఉన్న భార్యను చేతులమీద మోసుకుని, పగిలిన హృదయంతో, పుట్టిన గడపను వదిలి అని ఆమె సాగదీస్తుండగా వలీ ఆమె మోచేతిని మెల్లగా తట్టాడు.

"బిడ్డా, హార్ట్ అన్నవు. నేను హార్ట్ మాటనే ఎత్తలే."

ఆమె ఆగిపోయింది.

"గోరా దొరలకు ఇరవై ఏండ్లు బట్టలు కుట్టిన. ఎడమ జేబు కింద ఉండేది హార్ట్ అని నాకెరుకే. నేనెంత చెప్తే గంతే చెప్పు బిడ్డా. కమ్మి వద్దు, జాస్తి వద్దు. జాస్తి గుడ్డ పెడితే కోటు కుదరదు."

ప్రేమమణి మళ్ళీ మొదలుపెట్టింది. భార్యకు జబ్బు చేస్తే మౌలాలి వెళ్ళాడు. ఏడాది ఉన్నాడు. తిరిగొచ్చేసరికి తాళం ఉంది. అధికారి మొదటిసారి ఫైలు మీంచి తల ఎత్తాడు.

"మౌలాలి ఎక్కడుంది?"

"ఇక్కడికి అయిదు మైళ్ళు. రైలుంది."

"ఫైలులో ముల్తాన్ అని ఉంది."

"ఆ ఫైలుకు మూలం ఉర్దూలో రాసిన రిపోర్టు. ఒకసారి తెప్పించి చూడండి" అంది. ఆమె అడిగింది అంతే.

పాత రిపోర్టులన్నీ వెనకగదిలో ఉన్నాయి. వాటితోపాటు వాటిని చదవగలిగిన అల్లాఉద్దీన్ కూడా అక్కడే ఉన్నాడు. నిజాం కాలం నుంచి రికార్డులు చూస్తున్న ముసలి గుమాస్తా ఆయన. కొత్త రాజ్యంలో పని ఇంగ్లీషుకు మారాక ఆయన్ను తీసెయ్యలేదు, పిలవనూ లేదు. ఇప్పుడు పిలిస్తే టోపీ సర్దుకుని వచ్చి, కాగితం దుమ్ము దులిపి, కిటికీ వెలుతురుకు పెట్టి చదివాడు.

"ఇంటాయన మౌలాలి పోయిండు. పక్కింటి బుచ్చమ్మ జవాబు" అన్నాడు తెలుగులో. తర్వాత అధికారి కోసం మౌలాలి అన్న మాటను మూడుసార్లు విడివిడిగా పలికాడు.

తర్జుమా చేసిన గుమాస్తాను పిలిపించారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి, ఆరు నెలల్లో పుస్తకం చూసి ఉర్దూ నేర్చుకున్నాడు. కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"గొలుసుకట్టు రాతండీ. మ ఉంది, ల ఉంది. మౌలాలి అనే ఊరుందని నాకేం తెలుసండీ? ముల్తానయితే మ్యాపులో ఉంది" అన్నాడు.

అధికారికి కోపం వచ్చినట్టుంది గాని ఎవరి మీద తెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి అల్లాఉద్దీన్ మీద తెచ్చుకున్నాడు. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాడు. ప్రేమమణి అదే మాట తెలుగులో చెప్పింది, కమ్మి జాస్తి లేకుండా.

"నన్నెవరు అడిగిండ్రమ్మా?" అన్నాడు అల్లాఉద్దీన్.

ఇల్లు తిరిగివ్వాలంటే దరఖాస్తు కావాలి. ప్రేమమణి దఫ్తరు వరండాలో బెంచీ మీద కూర్చుని రాసింది. మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. చదువుకుని చింపేసింది. రెండోసారి ఒక పేజీ. అదీ చింపింది. వలీ పక్కన కూర్చుని, కోటు కొలత చూసినట్టు ఆమె చేతిని చూస్తున్నాడు. నాలుగోసారి మూడు వాక్యాలు మిగిలాయి. "నేను వలీని. 1948 సెప్టెంబరులో మౌలాలి వెళ్ళాను, ముల్తాన్ కాదు. నా ఇల్లు నాకు ఇప్పించండి." తెలుగులో చదివి వినిపించింది.

"ఇది నా గురించే" అన్నాడు వలీ, వేలిముద్ర వేయకుండా ఉర్దూలో సంతకం చేస్తూ.

మూడు వాక్యాల దరఖాస్తు మీద పదకొండు పేజీల ఉత్తర్వు వచ్చింది. రావడానికి ఫిబ్రవరి అయింది. జవాను వచ్చి సుత్తితో లక్క పగలగొడితే వీధి వీధంతా చూసింది. లోపల ఎలకలు పరుపు కొట్టేశాయి. కిటికీలో ఖమర్ బీ టైఫాయిడ్ మందు సీసా సగం నిండి అలాగే ఉంది. ఖమర్ బీ ముందు దాన్ని తీసి బయట పారేసి, తర్వాత గడపమీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. వలీ పెట్టె తెరిచి ఇంటి కాగితాలు తీశాడు. మర్నాడు పొద్దున్నే వాటిని దఫ్తరుకు పట్టుకుపోయాడు. అడిగారు కదా, ఇవ్వాలి కదా అని. ఫైలు మూసేశామని, అవి ఇప్పుడు అక్కర్లేదని వెనక్కి పంపారు.

ఏడాది చివర ప్రతి విద్యార్థీ తన రచనల్లో ఉత్తమమైనది ఒకటి పరీక్షకు ఇవ్వాలి. ప్రేమమణి దరఖాస్తు నకలు ఇచ్చింది. బ్రహ్మచారి గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెనక ఇంకేమైనా ఉందేమోనని చూశాడు.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?"

"లేను సార్."

"శైలి ఏది?"

"తీసేశాను సార్."

ఆయన నిజంగానే బాధపడ్డాడు. చెడ్డవాడు కాదు. మంచి విద్యార్థిని చెడిపోయిందనుకున్నాడు. నలభై ఒకటి వేశాడు. పాసుకు నలభై. పాత వ్యాసమిస్తే క్లాసులో మొదటి స్థానం వచ్చేదని, ఇంకా గడువుందని కూడా చెప్పాడు. ప్రేమమణి నమస్కారం పెట్టి వచ్చేసింది. మొదటి స్థానం బాణాలు బాగా గీసిన ఒక అబ్బాయికి వచ్చింది.

పట్టాలిచ్చే సభకు దేవానందంతో పాటు వలీ, ఖమర్ బీ కూడా వెళ్ళారు. ప్రేమమణి తెల్లచీర మీదికి జాకెట్టు వలీయే కుట్టాడు, కూలి తీసుకోలేదు. ముఖ్య అతిథిగా ఢిల్లీ నుంచి ఎవరో పెద్దాయన వచ్చాడు. మాటను పొదుపుగా వాడడం ఎలా అన్న విషయం మీద ఇంగ్లీషులో గంటన్నర మాట్లాడాడు. దేవానందం పది నిమిషాలకే కునికాడు. వలీ మాత్రం మర్యాదగా వెన్ను నిటారుగా పెట్టుకుని, చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని ఆసాంతం విన్నాడు.

పట్టా చేతికొచ్చాక ప్రేమమణి వాళ్ళ దగ్గరికొచ్చింది. ఖమర్ బీ ఆ కాగితాన్ని కొంగుతో తుడిచి, తలకిందులుగా పట్టుకుని చూసి, మంచిగుందని ఇచ్చేసింది.

"ఆ పెద్దాయన ఏం చెప్పిండు బిడ్డా?" అని అడిగాడు వలీ.

ప్రేమమణి కొంచెంసేపు ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్కటే తేలింది.

"తక్కువ మాట్లాడుమన్నడు చిచ్చా."

"గంటన్నర గదే చెప్పిండా?"

"గదే."

"పాపం" అన్నాడు వలీ, నిజమైన జాలితో. "ఆయనకు ఎవరన్న చెప్పాలె."

సికింద్రాబాద్ బస్సుకు అప్పటికే జనం ఎగబడుతున్నారు. నలుగురూ గబగబా నడిచారు.